అమ్మ ఆడిన అబద్ధం

నాన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున నీ సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని, అమ్మను నీ కారులో ఎక్కించుకుని పోటీలకు వెళ్ళాను. యుద్ధం అయిపోయి పెట్రోలు కాస్త దొరుకుతోంది కదా, నరసరావుపేటలో కార్లున్నవాళ్ళంతా కలిసి ఊరి బయట బీడులో డ్రైవర్ల నేర్పుకు పందెం పెట్టారు. పక్క సీట్లో నీళ్ళు నిండిన చెంబు పెట్టుకుని, పాతిన గుంజల మధ్య మెలికలు తిరిగి, సున్నపు గీత మీద ఆగాలి. నీళ్ళు తొణక్కూడదు.

"బాడుగ కారు దేవదానం కొడుకురోయ్, చూడండి!" అని ఎవరో అరిచారు. ఆ మాటకు పొంగిపోయాను. నెమ్మదిగా పోవలసిన చోట జోరు పెంచాను. మలుపులో కారు అదుపు తప్పి, ఆడవాళ్ళు కూర్చున్న పందిరి రాటను గుద్దుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను దిగేసరికి జనం పగలబడి నవ్వుతున్నారు.

అమ్మ లేచి నిలబడింది.

"ఏందయ్యా ఆ నవ్వు? ఈడి నాయన మాత్రం పుట్టంగానే నేర్చాడా? కారంపూడిలో గోడే కూలగొట్టాడు!"

నువ్వు ఏ గోడా కూలగొట్టలేదు. నీ చేతిలో ఆ కారుకు గీత కూడా పడలేదు. నన్ను కాపాడటానికి అమ్మ నీ పేరు చెడగొట్టింది. ఆ అబద్ధం చాటునే తల వంచుకుని కారెక్కాను.

వచ్చేటప్పుడు చానా నిదానంగా నడిపాను. అమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా రెండు చేతులతో తలుపు పట్టుకుని కూర్చుంది. నువ్వు నడిపేటప్పుడు ఆమె హాయిగా నిద్రపోయేది.