కళ్లజోడు దొరికింది

కళ్లజోళ్ల షాపు అన్నయ్యగారికి,

మీరిచ్చిన కళ్లజోడు వల్లే మా నాన్న మెట్ల మీద పడ్డారని ఆన్‌లైన్ గ్రూపులో మీ ఫొటోతో సహా రాసింది నేనే. నిన్న పరుపు దులుపుతుంటే మీరిచ్చిన కొత్త జోడు దొరికింది. ఆ రోజు నాన్న పెట్టుకున్నది పాతది.

వెంటనే పోస్టు తీసేశాను. తప్పు నాదేనని మళ్లీ రాస్తే ముగ్గురు చూశారు. మొదటిది మాత్రం ఇంకా గ్రూపు నుంచి గ్రూపుకు పాకుతూనే ఉంది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. ఫోను చేస్తే మీ ఆవిడ, "ఇంకా ఏం రాస్తావమ్మా? పొద్దున్నుంచి షాపుకి ఒక్కరూ రాలేదు" అని పెట్టేశారు.

క్షమించమని అడగను. రేపు మీరు షాపు తెరిచే వేళకు వస్తాను. "పడింది నేను కదా, నేనూ వస్తా" అంటున్నారు నాన్న. గుమ్మంలో కూర్చుని, వచ్చిపోయేవాళ్లందరికీ జరిగింది చెబుతాం. మీరు పొమ్మన్నా కదలం.

ఇట్లు,
ఎదురు వీధి టీచరు