మూడు కిలోల సంచి

బడ్జ్ బడ్జ్,
బుధవారం.

మీకు నమస్కారాలతో జ్యోతిరాణి రాస్తున్నది.

మీ ఉత్తరం శనివారం అందింది. సమీర బాగుంది, నేను బాగున్నాను. ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాయడం మనకు అలవాటు. ఈసారి ఆ మాటలో అత్తమ్మను కలపలేకపోతున్నాను. మీరు మాత్రం ఆ మంచులో, ఆ సరిహద్దు పోస్టులో కులాసాగానే ఉన్నారనుకుంటాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. సమీరకు లెక్కల్లో ఫర్వాలేదు, బెంగాలీలో క్లాసుకి మూడోది. తెలుగు మాత్రం ఇంకా కూడబలుక్కునే చదువుతోంది. మీ ఉత్తరం చేతికిస్తే మొదటి పేరా దాటడానికి పావుగంట పట్టింది. రెండో పేరా దగ్గర నేనే లాగేసుకున్నాను. వంటగది కప్పు కారడం తగ్గింది, పక్కింటి బాపీ దా మనుషుల్ని పెట్టి తారు పూయించాడు. మన సందు మొగలో దుర్గ పూజ పందిరికి వెదుళ్లు పాతుతున్నారు. సమీర ఈసారి కొత్త బట్టలు అడగలేదు.

ఇక ఆ రెండో పేరా. "బూట్లు ఉండగా అమ్మ కాలికి గాజుపెంకు ఎలా గుచ్చుకుంది? ఫోన్లో అడిగితే మొక్కు కాబట్టి విప్పేశానంటోంది. నాకు నమ్మకం కుదరడం లేదు. జరిగింది నువ్వు రాయి" అని అడిగారు. రాస్తాను. కొంచెం వెనకనుంచి రానివ్వండి.

పోయిన చలికాలం పదకొండు రోజులు మీ దగ్గర్నుంచి కబురు లేనప్పుడు అత్తమ్మ మొక్కుకున్న మొక్కు అది. మీరు క్షేమంగా ఉంటే తారకేశ్వరుడికి గంగనీళ్లు కాలినడకన తెస్తానని. శ్రావణంలో బాపీ దా మన సందులోని ఆడవాళ్లను తొమ్మిది మందిని వెంటబెట్టుకుని వెళ్తానన్నాడు. షియోరాఫులిలో నీళ్లు ముంచుకుని తారకేశ్వర్ దాకా, వయసులో ఉన్నవాళ్లు ఒక్క రోజులో నడిచే దారి. మాకు మూడు రోజులని లెక్క వేశాడు.

సంచి ఎలా సర్దుకోవాలో మీరు రెండు పేజీలు రాశారు. "ఇంట్లో ఉన్నప్పుడు ప్రతిదీ కావాలనిపిస్తుంది, పది కిలోమీటర్లు నడిచాక ప్రతిదీ పారేయాలనిపిస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకటే సంచి. మార్చుకోను తలొక చీర, తువ్వాలు, అటుకులు, బెల్లం, మందులు, టార్చి. ఏది వదిలినా నేను కొన్న అమ్మ బూట్లు వదలొద్దు" అని కింద గీత కూడా గీశారు. అత్తమ్మకు ఎనిమిదేళ్ల షుగరు. అరికాళ్లకు స్పర్శ పోతోందని, ఇంట్లో కూడా వట్టికాళ్లతో తిరగనివ్వొద్దని డాక్టరు చెప్పినప్పుడు మీరూ నేనూ పక్కపక్కనే కూర్చుని విన్నాం. గంగ ఒడ్డున నీళ్లు ఎత్తుకునేదాకా వట్టికాళ్లు, రోడ్డెక్కాక బూట్లు అని ఆవిడ మీకు మాట కూడా ఇచ్చింది.

బయలుదేరే ముందురోజు సాయంత్రం సంచిని కిరాణా కొట్టు త్రాసు మీద పెట్టించాను. నాలుగున్నర కిలోలు తూగింది. "బౌదీ, మూడు దాటితే రెండో రోజు నువ్వు ఏడుస్తావు, నేను మోయను" అన్నాడు బాపీ దా, వదిననని కూడా చూడకుండా. ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే తీశాను. స్టీలు డబ్బా, రెండో దుప్పటి, అమృతాంజనం సీసా, అటుకుల్లో సగం. మళ్లీ తూస్తే మూడు కిలోల చిల్లర. భుజానికి వేసుకుని చూస్తే హాయిగా అనిపించింది.

మొదటి రోజు సింగూరు దాకా వాన. దారి పొడవునా కావళ్లు, కాషాయం బట్టలు, బురద. అందరివీ వట్టికాళ్లే. అత్తమ్మ బూట్ల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండో రోజు సాయంత్రం హరిపాల్లో యాత్రికుల పందిట్లో కూర్చుంటే చాప మీద ఎర్రటి మరకలు కనబడ్డాయి. ఎవరివో అనుకున్నాం. అత్తమ్మ కుడికాలు ఎత్తి చూస్తే వేళ్ల కింద గాజుపెంకు దిగబడి ఉంది. ఎప్పటినుంచి దాని మీద నడుస్తోందో ఆవిడకే తెలియదు. బాపీ దా దాన్ని లాగుతూ, "మాషీమా బూట్లేవి బౌదీ? దాదా కొన్నాడన్నావుగా?" అని అడిగాడు.

"రైల్లో ఎవరో కాజేసినట్టున్నారు" అన్నాను.

అది అబద్ధం. బూట్లు ఇంట్లోనే, మంచం కింద ఉన్నాయి. త్రాసు దగ్గర్నుంచి వచ్చాక నేనే తీసేశాను. మరచిపోయి కాదు. ఎవరూ వేసుకోరు కదా, ఈవిడ మాత్రం వేసుకుంటుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా అది కూడా అసలు కారణం కాదు. మా అక్క పెట్టిన ఎర్రంచు తాంతు నేత చీర పెట్టె అడుగున రెండేళ్లుగా పడి ఉంది. గుడి దగ్గర తొమ్మిది మందిమీ ఫోటో దిగుతామన్నారు. వంటింట్లోనో ఆసుపత్రిలోనో కాకుండా ఎక్కడైనా ఒక్కసారి మంచిగా కనబడాలనిపించింది. బూట్లు తీసిన చోట ఆ చీర పెట్టాను. బరువు దాదాపు ఒకటే.

మూడో రోజు ఆవిడ కాలికి గుడ్డ చుట్టి, పైన పాలిథిన్ సంచి కట్టుకుని నడిచింది. గుళ్లో నీళ్లు పోసింది. నేను చీర కట్టలేదు, ఫోటోలో లేను. ఆ తర్వాతది మీకు తెలుసు. వేళ్లు నల్లబడ్డాయి, రెండు తీసేశారు. "వట్టికాళ్లతో ఎవరు నడవనిచ్చారు?" అని పెద్ద డాక్టరు నన్ను కసిరితే, మంచం మీంచే అత్తమ్మ, "దాన్ననకండి బాబూ, నా మొక్కు, నానే ఇప్పీసినాను" అంది. డాక్టరుకు తెలుగు రాదు. ఆ మాట నేనే బెంగాలీలోకి మార్చి చెప్పాను. నా తప్పును కప్పిన మాటను నా నోటితోనే చెప్పుకున్నాను.

పుండు మానలేదు. పాదం ముందు భాగం తీసేయాలని నిన్న చెప్పారు. రేపే ఆపరేషన్. కాగితాల మీద సంతకం పెట్టి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. మీకు అంతా రాసేస్తానన్నాను.

"ఏటి రాసేస్తావు?"

"బూట్లు నేనే తీసేశానని."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెల్దనుకున్నావేటి? హరిపాల్లో తువ్వాలు కోసం సంచీలో సెయ్యెట్టినాను. బూట్లు నేవు, ఆ ఎర్రంచు సీర తగిలింది."

"మరి అడగలేదేం అత్తమ్మా?"

"అడిగితే ఏటొస్తాది? ఒలే రాణీ, ఆడికి రాయకు. తుపాకీ అట్టుకుని మంచులో నిలబడ్డోడు. నీ మీద కోపం పెట్టుకుని నిలబడితే ఆడికి మంచిది కాదు. కోపం నాకు నేదనుకోకు. ఉంది. నా కాడే ఉండనీ."

అయినా రాస్తున్నాను. ఆవిడ నిద్రపోతోంది.

శుక్రవారం.

ఆపరేషన్ ఎలా జరిగిందో మళ్లీ దాచానని మీరు అనుకోకూడదని, పోస్టు చేయకుండా ఈ ఉత్తరం రెండు రోజులు ఆపాను. నిన్న పదకొండింటికి తీసుకెళ్లారు, మూడింటికి బయటికి తెచ్చారు. మడమ దక్కింది. చీలమండ మీదకి విషం పాకలేదని డాక్టరు అన్నాడు. ఇకమీదట కర్ర సాయంతో నడవాలి, అదీ గది దాటి ఎంత దూరమో చెప్పలేనన్నాడు.

మత్తు దిగాక ఆవిడ అడిగిన మొదటి మాట, "రాసీసినావా?"

రాశానన్నాను. నర్సు వచ్చి సెలైన్ మార్చి వెళ్లింది. తర్వాత అత్తమ్మ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఐతే నాదీ రాయి. హరిపాల్లో ఆ బాపీ సెప్పులు కొంటానన్నాడు, బండి పెడతానన్నాడు. నాను ఒద్దన్నాను. మొక్కని కాదు. ఆ సీర సూసినాక నడిసినాను. నెత్తురు నువ్వు సూడాలని నడిసినాను. నువ్వు ఎనక్కి తిరిగి సూసినప్పుడల్లా కాలు గట్టిగా ఆన్సినాను. నొప్పి నేదు గదా, నాకేటి."

ఆవిడ కళ్లు మూసుకుని, "ఇంత అవుతాదనుకోనేదు" అంది. "రాసీ. తప్పు నీ ఒక్కదాని మీదే ఎందుకు."

రాసేశాను. ఆవిడ చెప్పినట్టే రాశాను, ఒక్క మాట తగ్గించలేదు. సెలవు దొరికితే రండి. కోపంతో వచ్చినా సరే, రండి. ఇద్దరం ఒకే గదిలో ఉంటున్నాం, ఒకే గిన్నెలో గంజి పోసుకుంటున్నాం, ఒకరి మొహం ఒకరం ఇంకా సరిగా చూసుకోలేకపోతున్నాం.

ఇట్లు,
మీ ఇల్లాలు
జ్యోతిరాణి