సీనుగాడి కొత్త ఛాతీ

కల్లూరు, 2007, గురువారం

పోలీసు సెలక్షన్లో పోయినసారి ఛాతీ కొలత చాల్లేదని మా తమ్ముడు సీనుగాడు ఇంట్లో చెప్పకుండా హైదరాబాదు పోయి, ఛాతీలో సిలికాన్ పెట్టించుకోనొచ్చినాడు. ఎందుకు పెట్టించుకుంటాండాడో డాక్టరుకు చెప్పినాడంట. "ఏం పర్వాలేదు, టేపుకు సరిపోతాది" అన్నాడంట ఆ మహానుభావుడు.

ఈ పొద్దు సెలక్షన్లో టేపుకు సరిపోయింది. ఆ తర్వాత కొలిచే సారు "గాలి పీల్చి ఛాతీ ఉబ్బించప్పా" అన్నాడంట. పీలిస్తే లోపల కుట్లు పట్టేసి వీనికి కండ్లల్లో నీళ్లొచ్చినాయంట. టేపు కదల్లేదు, ఈసారీ తీసేసినారు.

గాలి పీల్చి చూపించాలని గ్రౌండుకు పరిగెత్తే ప్రతి పిల్లోనికీ తెలుసు. కోసేటోడు ఒక్క మాట అడగొద్దా? తెలిసిన వీనికి బుద్ధుండొద్దా?

"అక్కా, ఊపిరి పెరిగేదానికి ఆపరేషను యాడన్నా చేస్తారా?" అన్నాడు. కొడదామని చెయ్యెత్తినా.

మొగం కాదు, ఛాతీ దాచుకున్నాడు.