డీజిల్ ట్యాంకులో కొబ్బరి పీచు

శనివారం రాత్రి, కొత్తపేట

నోట్లో డీజిల్ కంపు పోలేదు. బావగారి మీద కోపం అంతకన్నా పోలేదు. మా ఆయన కువైట్ వెళ్తూ నాకు అప్పగించిన పాత పికప్ బండిని సోమవారం పాత ఇనుముకి ఇచ్చేద్దామని చూశారు. అది తిరిగితే మా కొబ్బరికాయలు నేనే మార్కెట్‌కి తోలుకుంటాను, ఇక బావగారిని అడగక్కర్లేదు. అదే ఆయన బాధ.

"పంపు పోయిందమ్మా, ఇంజను చచ్చింది," అన్నారు పొద్దున కూడా.

"పంపు పోతే, దారిలో ఆగిన బండి కాసేపటికి మళ్లీ ఎలా స్టార్టవుతోందండీ?"

"ఎమ్మెస్సీ చదివేవుగా, నువ్వే చెప్పు!"

ట్యాంకు దగ్గర పైపు ఊడదీశాను. డీజిల్ ధారగా వచ్చి, సన్నబడి, ఆగిపోయింది. పైపులోకి గాలి ఊదితే మళ్లీ వచ్చింది. అంటే లోపల ఏదో అడ్డం పడుతోంది. ట్యాంకు దించి వంచితే గుప్పెడు కొబ్బరి పీచు! పోయిన ట్యాంకు మూత బదులు బావగారు కుక్కిందే, కొంచెం కొంచెంగా లోపలికి జారింది.

"కోనసీమలో పీచు లేనిదెక్కడమ్మా?" అని నవ్వారు.

కడిగి బిగించాక బండి పలివెల దాకా ఆగకుండా వెళ్లొచ్చింది. బావగారు గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు. "రేపు మా కాయలూ వేసేద్దాంలే."

"ముందు మూత కొనుక్కురండి బావగారూ," అన్నాను.

నూనె సీసాకైనా పీచే బిరడా మా ఇళ్లలో. ఆయనా అలవాటుగానే కుక్కారేమో. లేక, బండి ఆగిపోతుందని తెలిసే... ఇలా అనుమానించడం నా తప్పేమో కూడా. బండి తాళం మాత్రం ఇన్నాళ్లలా ఇక బావగారింటి మేకుకి వేలాడదు.