ఎక్కని రైలుకు టికెట్లు

19 జనవరి 2025, ఆదివారం

జనం ఎక్కుతారని రైలు ఆగుతుందా, ఆగుతుంది కాబట్టి జనం ఎక్కుతారా? ఏళ్ల తరబడి నా దగ్గరున్న ప్రశ్న. ఒకసారి తిరుపతి కాలేజీలో నా క్లాసులో అడిగాను. పిల్లలు ప్రశ్నను నోట్సులో రాసుకుని, జవాబు డిక్టేట్ చేస్తానేమోనని పెన్నులు పట్టుకుని కూర్చున్నారు.

ఈరోజు మా ఊరు ఈతమాకుల నుంచి నా స్నేహితురాలు స్టెల్లా ఫోన్. కరోనాలో ఎత్తేసిన స్టాప్ మళ్లీ ఇచ్చారట. పొద్దుటి రైలు ఆరు నెలలు ట్రయల్‌గా మా హాల్ట్‌లో ఆగుతుంది. టికెట్లు బాగా అమ్ముడుపోతేనే ఆ తర్వాత ఉంచుతారు. అమ్మేది స్టెల్లానే. రైల్వే ఉద్యోగి కాదు, కమీషన్ ఏజెంటు. పుత్తూరు స్టేషన్ నుంచి టికెట్ల కట్ట తెచ్చుకుని, ప్లాట్‌ఫామ్ మీది చిన్న గదిలో కూర్చుని అమ్ముతుంది. భర్త పోయాక ఆ గదే ఆమెకు ఆధారం. ఈ నాలుగైదేళ్లూ ఎవరింట్లోనో మిషను కుట్టింది.

రైలు వస్తాండాది మే, మన రైలు, అని ఫోన్‌లో అరిచింది. నలభై దాటిన మనిషి.

21 జనవరి

రోజంతా ఆ రైలే. డిగ్రీ మూడేళ్లూ దాంట్లోనే తిరుపతికి వెళ్లేవాళ్లం, స్టెల్లా, నేను. ఆడవాళ్ల పెట్టెలో ఎవరో ఒకరు పుత్తూరు కట్టుతో ఉండేవాళ్లు. విరిగిన చేతికి వెదురు బద్దలు, గుడ్డుసొన, ఆకుపసరు వాసన. కట్టువాళ్లకు సీటివ్వాలి. అది మా పెట్టె చట్టం, ఢిల్లీలో ఎవరో చేసింది కాదు. ఒకరోజు స్టెల్లా చున్నీతో చెయ్యి మెడకు కట్టుకుని వచ్చి, మూలుగుతూ రేణిగుంట దాకా కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత మరిచిపోయి ఆ చేత్తోనే పైనున్న క్యారియర్ దించింది. మల్లెపూల గంప ముందు కూర్చున్న మా ఊరి సంతోషమ్మ ఊరుకుంటుందా? నీ చెయ్యి ఇరగ, ఉండు, నేనే ఇరిసి పుత్తూరుకు తోలకపోతా అని లేచింది. పెట్టె పెట్టెంతా నవ్వింది. దిగేటప్పుడు మళ్లీ ఆవిడే మా ఇద్దరి జడల్లో చెరో మూర పెట్టింది.

ఆ పూల వాసన ఇప్పుడు కూడా వస్తుందని రాస్తే అబద్ధం. రావడం లేదు. వస్తే బాగుండునని ఉంది.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఊరికి వెళ్లాను. స్కూటర్ మీద. (రైలు కోసం మీటింగ్, స్కూటర్ మీద!) స్టాప్ కోసం పిటిషన్ రాసింది నేనే కాబట్టి పిలిచారు. విషయం ఏమిటంటే, రైలు ఆగుతోంది గానీ ఎక్కేవాళ్లు లేరు. అందరికీ బైకులు, షేర్ ఆటోలు. సంతోషమ్మ, ఇంకో నలుగురైదుగురు, అంతే.

ట్రాక్టర్ మునిశేఖర్ లేచి, ఎక్కితే ఎక్కండప్పా, ఎక్కకపోతే పొండి, టికెట్టు మాత్రం ఇంటికొకటి రోజూ కొనల్ల అన్నాడు. నేను అడ్డుపడ్డాను. లేని ప్రయాణికులను చూపించడం కాదా అన్నాను. మా మేనత్త పెరుందేవి ఒక్కమాటతో నా నోరు మూయించింది. హుండీలో దుడ్డు ఏసినోళ్లను నువ్వెందుకేసినావని స్వామి అడిగినాడా, ఈ రైలాయన యాల అడగల్ల అంది. సంతోషమ్మ అందుకుని, మా లెచ్చరరమ్మ పాఠం చెప్తాది, మనం టికెట్టు కొందాం అంది.

రైల్వేలు, జాతీయ రహదారులు, తపాలా, టెలిఫోన్లు: కేంద్ర జాబితా. ఏటా జూలైలో ఈ వాక్యం చెబుతాను. దాని అవతలి కొసన సంతోషమ్మ గంప ఉంటుందని ఏ ఏడాదీ చెప్పలేదు.

1 మార్చి

ఈ నెల టికెట్ల డబ్బు స్టెల్లాకు ఫోన్‌పే చేశాను. తిరుపతిలోనే ఉండి రోజూ తిరుపతికి వస్తున్నాను.

11 మే, ఆదివారం

ఊళ్లో ఇదొక సరదా అయిపోయింది. మునిశేఖర్ మనవరాలి చెవులు కుట్టిస్తే తాంబూలంలో టికెట్లు పెట్టాడట. పోయిన మా సారంగపాణి మామ పేరున అత్త ప్రతి శనివారం ఒక టికెట్ తీస్తుంది. ఆయనకు కిటికీ సీటంటే పిచ్చి అంటుంది. ఆయనకు కిటికీ నేనెక్కడ తెచ్చేది అని స్టెల్లా ఎగతాళి చేస్తుంది.

నిన్న నేను నిజంగా ఎక్కాను. ముందురోజు రాత్రి అత్త ఇంట్లో ఉండి, పొద్దున్నే వెళ్లి, స్టెల్లా చేతి నుంచి టికెట్ తీసుకున్నాను. రైలు ఒక్క నిమిషం ఆగింది. సంతోషమ్మ గంప ఎక్కించడానికి గార్డు దిగి చెయ్యి వేశాడు. ఆవిడ ఈ మధ్య మోకాలు పట్టుకుని ఎక్కుతోంది. పెట్టెలో ఒక్క కట్టు మనిషి లేడు. వాళ్లూ ఆటోల్లోనే వెళ్తున్నారట. కొండలు అక్కడే ఉన్నాయి. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, అయినా చాలాసేపు నిలబడ్డాను.

24 జూన్

రైల్వే డివిజన్ నుంచి ఇద్దరు ఆఫీసర్లు ఈతమాకులకు వచ్చారు. నన్నూ రమ్మన్నారు. భయపడుతూనే వెళ్లాను. ఇన్ని టికెట్లు అమ్ముడవుతున్నా దిగే ఎక్కే జనం తక్కువగా ఉన్నారేం మేడం అని పెద్దాయన అడిగాడు. నిజం చెప్పాలనే నోరు తెరిచాను. అంతలో ఆయనే నవ్వి, మాకు మాత్రం అమ్మిన టికెట్టే ప్రయాణికుడు అన్నాడు. స్టెల్లా ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయారు.

నోరు తెరిచినది ఏమైనట్టు?

30 జూలై

ఆర్డర్ వచ్చింది. స్టాప్ పర్మనెంట్. మునిశేఖర్ టపాకాయలు కాల్చాడట. రెండో పేరా ఎవరూ చదవలేదు, నేను ఫోన్‌లో చదివి వినిపించాల్సి వచ్చింది. ఏజెంటు పద్ధతి రాబడి తక్కువ ఉన్న హాల్టులకే. ఈతమాకుల రాబడి ఆ హద్దు దాటింది. కాబట్టి సెప్టెంబరు ఆఖరుతో ఏజెన్సీ రద్దు. ఆ తర్వాత టికెట్ మిషను పెడతారు.

31 జూలై

స్టెల్లాను మేమే తీయించాం.

10 ఆగస్టు, ఆదివారం

మళ్లీ మీటింగ్. రేపట్నుంచి ఎవురూ కొనొద్దు, రాబడి పడిపోతే స్టెల్లా ఈడే ఉంటాది అన్నాడు మునిశేఖర్. రాబడి పడితే స్టాప్ కూడా మళ్లీ సమీక్షిస్తారని నేను చెప్పాను. సంతోషమ్మ మండిపడింది. నా గంప ఏ బస్సువోడు ఎక్కించుకుంటాడురా, నీ ట్రాక్టర్లో తోలతావా రోజూ, అని మునిశేఖర్ మీదికి వెళ్లింది. తర్వాత, ఆ బిడ్డ యాడ పోవల్ల అని తనే ఏడ్చింది.

స్టెల్లా మీటింగ్‌కు రాలేదు. ఆమె టికెట్ల గదికి వెళ్లాను. కొని కొని నన్ను బయటికి తోసేసినారు గదా మే, ఇంత ప్రేమ వద్దనుండాల్సింది అని నవ్వింది. నేను నవ్వలేదని ఆపేసింది. ఏం చేయమంటావని అడిగాను. నన్నడగొద్దు, ఆపమంటే సంతోషక్క మొగం సూడలేను, కొనమంటే రేపు నేనేం తినల్ల అంది. కౌంటర్‌కు ఎవరో వస్తే అటు తిరిగింది.

22 ఆగస్టు

స్టెల్లాను ఉంచమని రాసిన పిటిషన్‌కు జవాబు. నిబంధనల్లో వీలు లేదు. మర్యాదగా రాశారు. క్లాసులో నేను చెప్పే వాక్యాల్లాగే ఉంది ఆ ఉత్తరం, తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకలేదు.

31 ఆగస్టు, ఆదివారం

రేపు ఒకటో తేదీ. ఈ నెల నేను డబ్బు పంపితే తామూ కొంటామని, మానితే మానేస్తామని ఊళ్లో అందరూ నా మీద పెట్టారు. ఫోన్ తీసి స్టెల్లా పేరు నొక్కాను. అంకె వేసి, చెరిపేశాను.

పంపాలో మానాలో నాకు తెలియడం లేదు.