తాడుకి ఇవతల కుర్చీ

అక్టోబరు 14, సోమవారం

అక్కకి,

నీ చెల్లెలి నమస్కారాలు. బావగారిని అడిగినట్టు చెప్పు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నీ మోకాలి కట్టు విప్పారనీ, చేతికర్రతో గుమ్మం దాకా నడుస్తున్నావనీ తెలిసి ప్రాణం కుదుటపడింది.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. ఆపరేషను రోజు పరాయివాళ్ళు వచ్చి నీ మంచం పక్కన కూర్చున్నారనీ, తోడబుట్టినదాన్ని నేను మాత్రం దగ్గని రాసి ఊరుకున్నాననీ అన్నావు. "ఐదేళ్ళుగా తగ్గని దగ్గేమిటే?" అని అడిగావు. నువ్వు పంపిన దగ్గు మందు సీసాలు నాలుగూ మూత తీయకుండా అలమరలో ఉన్నాయి. నాకు దగ్గు లేదక్కా.

నీ మరిదికి చూపు పోయింది. పూర్తిగా కాదు. పక్కలు కనిపిస్తాయి, నట్టనడుమ మసక. గోడ మీద కేలండరు కనిపిస్తుంది, తారీఖు కనిపించదు. ఇది వెనక్కి రాదని డాక్టరు ఐదేళ్ళ కిందటే తేల్చేశాడు. ఆ నెలలోనే ఈయన గడియారాల దుకాణం మూసేశారు. కీ ఇచ్చే గడియారాలు ఇప్పుడెవరు పెట్టుకుంటున్నారని అందరికీ చెప్పారు. అందరూ నమ్మారు. నువ్వూ నమ్మావు. ఆయనకి మిగిలింది గాలం ఒక్కటే.

నీళ్ళలో కర్ర వేసుకుని కూర్చోవడానికి కప్పు కూడానా అని నువ్వు నవ్వేదానివి. గాలం పోటీలు పెట్టే క్లబ్బు హాల్లో పాత ఫోటోలు చూడాలి నువ్వు. ఈయన తాతల నాడు వెదురు కర్ర, పట్టుదారం, బాతు ఈకతో చేసిన బెండు. గెలిచినవాళ్ళు చచ్చిన చేపల్ని కొక్కేలకి వేలాడదీసి పక్కన మీసం మెలేసి నిలబడేవారు. ఇప్పుడు పద్ధతి మారింది. పొద్దున్నే చీటీలు తీస్తారు, ఏ నంబరు వస్తే చెరువు ఒడ్డున ఆ చోటు. ఈల నుంచి ఈల దాకా ఐదు గంటలు. పట్టిన చేపల్ని నీళ్ళలోనే పొడుగాటి వలసంచిలో బతికుంచి, చివర్లో తూచి, మళ్ళీ వదిలేస్తారు. ఎవరి తూకం ఎక్కువైతే వాళ్ళదే కప్పు. పోటీదారుకి ఎవరూ సాయం చేయకూడదు. ఇంట్లోవాళ్ళు కావాలంటే వెనక కట్టిన తాడుకి ఇవతల కుర్చీ వేసుకోవచ్చు, అంతే.

ఆటంతా బెండులో ఉంది. అగ్గిపుల్లంత రంగు పుల్ల, నీళ్ళ మీద తేలుతుంటుంది. చేప ఎర ముట్టగానే రవ్వంత మునుగుతుంది. అప్పుడే కర్ర ఎత్తాలి, లేకపోతే ఎర ఉమ్మేసి పోతుంది. ఆ బెండే ఆయనకి కనిపించదు.

మొదటిసారి కావాలని చేసింది కాదు. నీళ్ళు తాగుతూ పొలమారి దగ్గాను, సరిగ్గా అప్పుడే బెండు మునిగింది. ఆయన ఉలిక్కిపడి కర్ర ఎత్తారు, చేప పడింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నువ్వు దగ్గినప్పుడే పడింది, చూశావా?" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మర్నాడు స్నానాలగదిలో బకెట్టు నిండా నీళ్ళు పోసి, బెండు వేసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. మునిగితే ఒక దగ్గు. పక్కకి జరిగితే రెండు. "ఈ ఒక్క ఏడాదికే" అన్నారు. ఆ మాట ఐదేళ్ళూ అన్నారు.

మూడు కప్పులొచ్చాయి. ఒడ్డున నన్ను దగ్గు మేడం అంటారు. తూకం వేసే పెద్దాయన ప్రతిసారీ నా చేతిలో చప్పరించే బిళ్ళలు పెట్టి, "ఆవిడ ఊపిరితిత్తులు పాడైపోతున్నా నీకు చేపలే ఎక్కువయ్యాయా?" అని ఈయన్ని కేకలేస్తాడు. నేను తల దించుకుని బిళ్ళ నోట్లో వేసుకుంటాను.

ఆదివారాలు పోటీ, శనివారాలు సాధన. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశాను. వంటింట్లో గిన్నెలో గరిటె మునిగినా నా గొంతు గరగరలాడుతుంది, నవ్వకు. చెప్పేద్దామంటే ఆయన దొంగవుతారు. నేను దొంగ పెళ్ళాన్ని కూడా కాదు, దొంగనే.

నీ ఆపరేషను సంగతి రాసిన ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. సరిగ్గా ఆపరేషను రోజే సెమీఫైనలు. చాలాసేపు కర్ర తుడుస్తూ కూర్చుని, "వెళ్ళు. నేను మానేస్తాలే" అన్నారు. ఆ 'వెళ్ళు' ఎలాంటిదో నీకు వేరే చెప్పాలా? పెట్టె సగం సర్దాను, మళ్ళీ విప్పాను. నీకు దగ్గని రాశాను.

నిన్న ఫైనలు. ఈయనది పద్దెనిమిదో నంబరు, పక్కన లారీ మెకానిక్కు. నాలుగున్నర గంటలు ఇద్దరూ సమానంగా లాగారు. చివర్లో మన బెండు కదల్లేదు. రెండువందల గ్రాముల తేడాతో మెకానిక్కు గెలిచాడు. ఈయన అతని చెయ్యి పట్టుకుని ఊపి, వచ్చే ఏడాది చూసుకుందామన్నారు. ఈ పొద్దున కొత్త దరఖాస్తు నా ముందు పెట్టారు. గళ్ళు ఆయనకి కనిపించవు కదా, నేనే నింపాలి. ఈ ఆదివారమే చిన్న పోటీ ఉందట.

అందుకే ఇప్పట్లో రాలేను. తిట్టుకో, కానీ ఉత్తరాలు మానకు.

నీ చెల్లెలు

మళ్ళీ రాస్తున్నాను: కవరు అంటించి, విప్పాను. బెండు కదల్లేదని పైన రాశాను కదా, అబద్ధం. ఈలకి రెండు నిమిషాలుందనగా మునిగింది, పూర్తిగా, ఆ రంగే కనిపించనంతగా. దగ్గు గొంతు దాకా వచ్చింది. మింగేశాను. కోపంతో కాదు, ఆలోచించి కూడా కాదు. కర్ర కొన ఒక్కసారి వంగి లేచింది, అప్పటికి చేప పోయింది. ఆయన నీళ్ళవైపు చూడలేదు, నావైపు తిరిగారు.

బస్సు సగం దారి వచ్చాక, "దగ్గు తగ్గిందా?" అని అడిగారు. తగ్గిందండీ అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆదివారానికి మళ్ళీ వస్తుందిలే" అన్నారు.

శనివారం పదింటి బస్సుకి నీ దగ్గరికి బయల్దేరుతున్నాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.