మూత లోపలి పేరు

ఇన్‌స్పెక్టర్ గారికి,

మా కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు సాయంత్రంలోగా రాసివ్వమన్నారు. రాస్తున్నాను.

మహబూబాబాద్‌లో టైపు నేర్పే చిన్న గదిగా మొదలైంది. టైపుకు గిరాకీ తగ్గాక, హైదరాబాద్ నుంచి విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి అమ్మాం. జనగామ బడులకు, భూపాలపల్లి ఆఫీసులకు మావే వెళ్ళాయి. బిగించే పనంతా చాందీది. గూడూరు దగ్గరి తండా నుంచి టైపు నేర్చుకోవడానికి వచ్చి, పన్నెండేళ్ళుగా మా దగ్గరే పనిచేస్తోంది.

ప్రతి కంప్యూటర్ మూత లోపల ఆమె తన పేరు రాస్తుంది. మొదట్లో నేను వద్దన్నాను. "రేపు ఖరాబైతె ఎవల్ని అడగాలె సార్? బిగించినోళ్లనే గద" అంది. తర్వాత అదే మా కంపెనీ అలవాటైంది.

తెలంగాణ సమ్మె డేరాలో మీరు పట్టుకున్న కంప్యూటర్ మూత విప్పితే ఆ పేరే కనపడింది. అందులో దొరికిన రైల్ రోకో కరపత్రం ఆమే రాసిందని పొద్దున తీసుకెళ్ళారు. జీపెక్కుతూ నా వైపు చూసి, "దుకాణం బంద్ చెయ్యకుండ్రి సార్, జనగామ మిషిన్లు రేపు పోవాలె" అంది. భయంతో నేను దుకాణంలోకి వెనక్కి నడిచాను.

ఆ కంప్యూటర్ మేం ఎవరికీ అమ్మలేదు. ఆరేళ్ళు నా బల్ల మీదే ఉంది. ఆ సంగతి తెలిసినా ఆమె మీకు చెప్పలేదు. డేరాకు మోసుకెళ్ళింది నేనే.

మూత లోపల ఉన్నది బిగించిన మనిషి పేరు. కరపత్రం రాసిన మనిషి సంతకం ఈ కాగితం కింద ఉంది.

ఆమెను ఇంటికి పంపండి. ఈ ఉత్తరం తెచ్చింది కూడా నేనే. మీ గేటు దగ్గర నిలబడి ఉన్నాను.